ఐదొందల వోల్టుల పెట్టె

సైకిల్ షాపు మీది గది,
వానలు తగ్గిన వారం

వదినకి,

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే నువ్వు ఉత్తరం తిరగేసి చివర్నుంచి చదువుతావు. స్పీకర్ల షాపులో ఉద్యోగం మానేశాను. తిట్టడానికి పెన్ను తీసేముందు మిగతాది కూడా చదువు.

ఆమధ్య ఒకాయన గాజు వాల్వులతో నడిచే పాత ఆంప్లిఫయరు చంకలో పెట్టుకుని షాపుకొచ్చాడు. ఆయనకి పాటలు రికార్డు చేసే స్టూడియో ఉంది. ఇప్పుడు పాడేవాళ్లందరికీ వాల్వుల్లోంచి వచ్చే ఆ వెచ్చటి గొంతే కావాలట. అందుకని దొరికిన పాత మిషన్లన్నీ కొని గదినిండా పేర్చుకున్నాడు. బాగుచేసే దిక్కే లేదు. మా ఓనరు చూసి ఇది పాత ఇనుము అని తేల్చేశాడు. నేను లోపలికి తీసుకెళ్లి, నువ్వు నేర్పినట్టే షాకు కొట్టినా గుండెకి తగలకుండా ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో మీటరు తీగ ఆనించి చూశాను. ఎండిపోయిన కండెన్సరు మార్చాక అది పాడింది. ఆయన అక్కడికక్కడే అడిగేశాడు, స్టూడియోలో ఉన్నవన్నీ నువ్వే చూసుకుంటావా అని. ఒకటే షరతు. నాకంటూ సరైన బెంచి ఉండాలి. చలి మొదలయ్యేలోపు వచ్చి కళ్లారా చూస్తాడు, చూశాకే మిషన్లు పంపుతాడు.

గది దొరికింది. బల్ల దొరికింది. లేనిదల్లా హైవోల్టేజి పవర్ సప్లై. అది లేకుండా వాల్వుల పని పెట్టుకోవడం పొయ్యి లేకుండా వంటకి దిగడమే. మూడు దారులున్నాయి. ఒకటి, షోరూములో కొత్తది, ఎర్రటి అంకెలు మెరుస్తూ ముద్దుగా ఉంది, మూడొందల వోల్టుల దాకా ఇస్తుంది. రెండు, మూతపడిన ఏదో కాలేజీ ల్యాబు నుంచి వచ్చిన పాతది. ఇది బస్టాండు వెనక గోడౌన్లో ఉంది, సున్నా నుంచి ఐదొందల దాకా ఇస్తుందట. మూడు, నేనే కట్టుకోవడం.

నా మొదటి సోల్డరింగ్ ఐరన్ దగ్గర్నుంచి నువ్వు సరే అనకుండా నేనేదీ కొనలేదు. ఇప్పుడూ కొనను. ఫోనులో చెప్తే ఒక సున్నా ఎగిరిపోతుంది, కాగితం మీద పెట్టమని నువ్వేగా అంటావు. పెట్టాను. ఏది కొనాలో చెప్పి, దాని పక్కన సరే అని రాయి చాలు.

అన్నయ్యని అడిగానని చెప్పు. పాపం, నీ దగ్గర ఎలా వేగుతున్నాడో.

నీ మరదలు


వాల్వుల ల్యాబు, వెనక వరండా,
శుక్రవారం

హడావిడి మరదలికి,

మీ అన్నయ్య బాగానే వేగుతున్నాడు. ఉప్పు తగ్గిందని ఈమధ్య నోరు విప్పి చెప్తున్నాడు కూడా, అంత ధైర్యం వచ్చింది.

ఉద్యోగం మానేసి ఆ తర్వాత పవర్ సప్లై వెతుక్కోవడం నీకే చెల్లింది. సరే, అయిందేదో అయింది. షోరూము బొమ్మ ముట్టుకోకు. మూడొందల వోల్టులు రేడియోకి చాలు, మైకు ముందుండే చిన్న వాల్వులకీ చాలు. ఆంప్లిఫయరు చివర ఉండే పెద్ద వాల్వులకి నాలుగొందలు, నాలుగొందల యాభై కావాలి. స్టూడియో ఆయన ముందు ముల్లు మూడొందల దగ్గర ఆగిపోతే నీ మొహం ఎలా ఉంటుందో చూసుకో. పైగా వాల్వు లోపలి ఫిలమెంటు వెలిగించడానికి వేరే వైండింగూ, గ్రిడ్డుకి మైనస్ వోల్టేజీ కూడా అందులో ఉండవు. అవి విడిగా కొనుక్కోవాలి.

పాతదాని సంగతి చూడకుండా చెప్పలేను. వెళ్లి చూడు. ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో, ముందు పలక మీద ఏమేం ఉన్నాయో వివరంగా రాయి. బొమ్మ గీసి పంపు. ఆ స్టూడియో ఆయన మిషన్లు ఏవేవో కూడా రాస్తే నాకు లెక్క తెలుస్తుంది.

ఇక్కడ మా ల్యాబు మూసేస్తారని గుసగుసలు. గుసగుసలు ఏడాది నుంచీ ఉన్నాయిలే.

మీ వదిన


సైకిల్ షాపు మీది గది,
ఆదివారం

వదినా,

చూసొచ్చాను. నాకు నిద్ర పట్టడం లేదు, అంత బాగుంది.

గోడౌన్ ఆయన నిదానస్తుడు. ప్లగ్గు చూపించి, నీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకోమని టీ తాగడానికి పోయాడు. బూడిదరంగు పెట్టె, ఇద్దరు మోయాల్సిన బరువు. పెద్ద నల్ల నాబు తిప్పితే ముల్లు సున్నా నుంచి ఐదొందల దాకా ఎక్కడా తడబడకుండా వెళ్లింది. రెండొందల మిల్లీఆంపులు ఇస్తుంది. ఫిలమెంటుకి ఆరు పాయింటు మూడు వోల్టులు పక్కనే ఉన్నాయి. గ్రిడ్డుకి మైనస్ వంద దాకా ఇచ్చే ఇంకో నాబు. అన్నీ ఒకే పెట్టెలో వదినా. అది నా కోసమే కాలేజీ మూయించుకుని వచ్చినట్టుంది.

బొమ్మ గీసి జతచేశాను. గోడౌన్ బస్టాండు వెనకే, టైర్ల దుకాణం సందులో, పచ్చ తలుపు. స్టూడియో మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైన. మిషన్ల వివరాలు వెనకపేజీలో రాశాను.

ఇంకెవరో కూడా చూసి వెళ్లారట. వచ్చే ఆదివారం దాకా ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాడు. ఈసారి ఉపన్యాసం వద్దు. ఒక్క సరే రాయి, నేనూ నా సైకిల్ షాపు అబ్బాయిలూ కలిసి మోసుకొచ్చేస్తాం.

నీ మరదలు


వాల్వుల ల్యాబు, వెనక వరండా,
బుధవారం

హడావిడికి,

బొమ్మ చక్కగా గీశావు. ఈ నిదానం మిగతా పనుల్లో ఉంటే ఎంత బాగుండును.

ముల్లు తడబడలేదని మురిసిపోయావు. ఏమీ తగిలించకుండా తిప్పితే ఏ పెట్టె ముల్లయినా తడబడదు. బరువు పెట్టి చూశావా? వంద మిల్లీఆంపులు లాగే రెసిస్టరు తగిలించి, అరగంట ఉంచి, వోల్టేజీ ఎంత పడిందో చూడాలి. మూత తీయించావా? ఏళ్లతరబడి కరెంటు చూడని కండెన్సర్లు లోపల ఎండిపోయి ఉంటాయి. వాటిని వోల్టేజీ తగ్గించి ఇచ్చే వేరియాక్ పెట్టి నెమ్మదిగా, కొద్దికొద్దిగా లేపాలి, నువ్వేమో ఒక్కసారిగా ఐదొందలు పెట్టేశావు. పేలకపోవడం నీ అదృష్టం. ఫిలమెంటు వైండింగుకీ పెట్టె ఇనుముకీ మధ్య లీకు ఉందేమో కొలిచావా? కరెంటు హద్దు దాటితే తనంతట తాను ఆగే ఏర్పాటు ఉందా? లేకపోతే ఒక్క చెడ్డ వాల్వుతో స్టూడియో ఆయన ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుంది, నీ పేరూ దాంతోపాటే.

ఇవన్నీ చూసి, అంకెలు రాసి పంపు. నేను చూశాకే మాట్లాడదాం. ఇన్నేళ్లు ఎక్కడెక్కడో పడున్న పెట్టె, ఇంకో వారం పడుంటుంది.

మీ అన్నయ్య నిన్ను అడిగానన్నాడు.

మీ వదిన


సైకిల్ షాపు మీది గది,
మళ్లీ ఆదివారం

వదినా,

వేరియాక్ అరువు తెచ్చుకున్నాను, రెసిస్టర్లు కొన్నాను, లీకు కొలిచే మీటరు కోసం ఊరంతా తిరిగాను. అన్నీ సంచిలో వేసుకుని ఈ పొద్దున్నే పచ్చ తలుపు దగ్గరికి వెళ్లాను. పెట్టె లేదు.

గోడౌన్ ఆయన నా మొహం చూడలేక పక్కకి తిరిగి మాట్లాడాడు. నువ్వు రేపు మాపు అంటుంటే, ఒకావిడ వచ్చి మారు మాట్లాడకుండా తీసుకెళ్లిందమ్మా అన్నాడు. ఆదివారం దాకా ఉంచుతానన్నారు కదా అంటే, ఆవిడ మాట వింటుంటే ఈ పని తెలిసిన మనిషిలా అనిపించింది, కాదనలేకపోయాను అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవలేదు, మెట్లెక్కాక ఏడ్చాను.

నిన్న స్టూడియో ఆయన చెప్పకుండా వచ్చాడు. ఖాళీ బల్ల చూశాడు. పవర్ సప్లై ఎక్కడమ్మా అని అడిగితే వస్తోందండీ అన్నాను. మర్యాదస్తుడు. ఇంకో నెల చూస్తానని మాత్రం వెళ్లాడు. షాపు ఓనరు నా చోట వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. ఈ పని పోతే నాకు ఇంకేదీ లేదు వదినా, ఈ గది కూడా ఖాళీ చెయ్యాలి.

అందుకని నేనే కట్టేస్తాను. సర్క్యూటు గీసి పంపుతున్నాను. ఎర్రసిరాతో దిద్దు. దయచేసి ఈసారి తొందరగా.

నీ మరదలు


వాల్వుల ల్యాబు, వెనక వరండా,
మంగళవారం

మరదలికి,

బాధపడకు. పరీక్షించకుండా కొన్న ఆవిడ ఎవరో, ఆ తంటా ఆవిడే పడుతుంది.

నీ బొమ్మ దిద్దాను. ఎర్రసిరా ఎక్కువైందని అలగకు. కండెన్సర్లు నాలుగొందల యాభై వోల్టులవి పెట్టావు, నువ్వు అడిగేది ఐదొందలు. రెండేసి వరసగా కలిపి, ఒక్కోదానికీ అడ్డంగా రెసిస్టరు పెట్టాలి. అప్పుడే వోల్టేజీ సమానంగా పంచుకుంటాయి, ఆపేశాక ఖాళీ అవుతాయి. రెగ్యులేటరు భాగం మొత్తం మార్చాను. ట్రాన్స్‌ఫార్మరు బజార్లో దొరికేది పనికిరాదు. చెప్పి చుట్టించుకోవాలి. నాకు తెలిసిన వైండింగ్ తాతయ్య ఒకాయన ఉన్నాడు. చెయ్యి మంచిది, కానీ పని ఆలస్యం. పోరుపెడితే కోపగించుకుని వైరంతా విప్పేస్తాడు. చిరునామా కింద రాశాను. ఇంకెవరి దగ్గరికీ వెళ్లకు, ఐదొందల వోల్టుల దగ్గర నాసిరకం వైండింగు మనిషిని చంపుతుంది.

నేను ఇంకా సరే అనడం లేదు. ట్రాన్స్‌ఫార్మరు వచ్చాక కొలిచి రాయి.

మీ అన్నయ్యకి నడుం పట్టేసింది. ఏదో బరువెత్తాడు. వేడినీళ్ల సంచి పెడుతున్నాను.

మీ వదిన


సైకిల్ షాపు మీది గది,
చలి మొదలైంది

నీకు,

తాతయ్య ఇంకా చుట్టడం మొదలుపెట్టలేదు. ఇంకొంచెం గడువు అడుగుదామని నిన్న స్టూడియోకి వెళ్లాను.

గోడలకి నల్లటి స్పాంజీ కొట్టిన గది. మిషన్లన్నీ వరసగా ఉన్నాయి. కిటికీ పక్కన కొత్త బెంచి. దాని మీద బూడిదరంగు పెట్టె. నల్ల నాబు. ఎన్నిసార్లు గీశానో ఆ పెట్టె బొమ్మ, కళ్లు మూసుకున్నా పోల్చుకుంటాను.

ఆయన ఎంత సంతోషంగా చెప్పాడో తెలుసా? "మీ వదినగారు మీ గురించి చాలా మంచిగా చెప్పారమ్మా. చేతిలో పనుంది, నిలకడే లేదు, ఇంకా నేర్చుకుంటోంది, పాపం తొందరపెట్టకండి అన్నారు. అందుకే ఆవిడకే అప్పజెప్పాను." ఏడాదికి కాగితం కూడా రాసుకున్నారట. ఆయన నాకు టీ ఇచ్చాడు. నేను తాగాను. నవ్వాను కూడా.

పెట్టె ఎవరు మోశారని అడిగితే మీ అన్నయ్యగారే, మెట్లన్నీ ఒక్కరే ఎక్కించారు అన్నాడు. నడుం ఎందుకు పట్టేసిందో ఇప్పుడర్థమైంది. మందుల షాపు నుంచి నా గది నాలుగు వీధులు. వాడు రాలేదు. నువ్వూ రాలేదు.

ఇంకో వారం పడుంటుంది అని రాశావే, ఆ అబద్ధం ఎలా రాయగలిగావు? నేనేం చేశాను నీకు? నా చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చింది నువ్వు. కాలినప్పుడు నా వేలు పట్టుకుని ఊదింది నువ్వు. ఎందుకు చేశావో రాయి. సర్క్యూటు దిద్దినట్టు వివరంగా రాయి.


వాల్వుల ల్యాబు, వెనక వరండా,
శనివారం

మరదలికి,

వివరంగానే రాస్తాను.

నేను రాసిన దాంట్లో ఒక్క తప్పు చూపించు. షోరూముది నిజంగానే పనికిరాదు. పాతదాన్ని నిజంగానే పరీక్షించాలి. నీ కండెన్సర్లు నిజంగానే పేలేవి. తాతయ్య వైండింగు నిజంగానే మంచిది. పెట్టె ఇంకో వారం పడుంటుందన్నది అబద్ధం కాదు, అంచనా. ఆ ఉత్తరం డబ్బాలో వేసి, అట్నుంచి అటే బస్సెక్కాను. పెట్టెని అక్కడే బరువు పెట్టి, మూత తీయించి, లీకు కొలిచి కొన్నాను. నీకు చెప్పినవన్నీ చేశాను.

ఎందుకంటే చెప్తాను. నేను మీ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు రేడియో స్టేషనులో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది, ట్రాన్స్‌మిటరు గదిలో. ఉత్తర్వు చేతికొచ్చింది. నా పరీక్షలు అయ్యేదాకా వదినని ఉండమను అన్నావు మీ అమ్మతో. నిజమే, పరీక్షలున్నాయి. పరీక్షలు అయ్యాక, అమ్మ మోకాలు కాస్త సర్దుకోనీ అన్నావు. నిజమే, ఆవిడ నడవలేకపోయేది. ఆ తర్వాత, వదిన వెళ్తే నాకు ఈ పని ఎవరు నేర్పుతారు అని నవ్వావు. అందరూ నవ్వారు. మీ అన్నయ్య కూడా. నవ్వుతుండగానే గడువు అయిపోయింది, జాబితాలో నా కిందివాడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. నువ్వు చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అందుకే నేను అప్పుడు ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

అప్పట్నుంచి ఈ ల్యాబులో రోజుకూలి మీద పెద్దమనుషుల సంతకాలకి అంకెలు కొలిచి ఇస్తున్నాను. ఈ నెలాఖరుకి ఇది కూడా మూసేస్తున్నారు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే ఆ సంగతి తెలిసింది. నువ్వు సరే అను చాలు అని రాశావు. నన్ను సరే అనమని అడగడం నీకు అంత తేలిక. నాకు అప్పుడు ఆ మాట మీలో ఒక్కరూ అనలేదు.

వేలు ఊదానన్నావు. ఊదాను. అప్పుడు కూడా నీ మీద కోపంగానే ఉన్నాను. రెండూ ఒకేసారి ఉండగలవు.

మీ అన్నయ్యని ఏమీ అనకు. మోయమన్నాను, మోశాడు. ఆయన ఎప్పుడూ ఎవరు చెప్తే వాళ్లది మోస్తాడు.

మిషన్లు చాలా ఉన్నాయి. నా ఒక్కదానివల్ల కాదు, నా కళ్లు కూడా మునుపట్లా లేవు, ఆ చిన్న చిన్న పిన్నుల దగ్గర రెండు కనబడుతున్నాయి. బెంచి దగ్గర ఒక మనిషి కావాలి. నీ చెయ్యి మంచిది, నేనే నేర్పాను. స్టూడియో ఆయన సరే అన్నాడు. నేనూ సరే అంటున్నాను. రావాలనుకుంటే రాయి.

మీ వదిన


సైకిల్ షాపు మీది గది,
గురువారం

నాకు గుర్తులేదు. పరీక్షలు గుర్తున్నాయి, అమ్మ మోకాలు గుర్తుంది. నీకు ఉత్తర్వు వచ్చిందని కూడా గుర్తుంది. నేను ఆ మాటలు అన్నట్టు మాత్రం ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. అమ్మని అడిగాను. ఎప్పటి సంగతే అది, అప్పుడు అందరం బాగానే ఉన్నాం కదా అంది. నీకు ఇంకా కోపం రావాలని ఇది రాస్తున్నాను.

నీ ఉత్తరాలన్నీ చించేద్దామనుకున్నాను. వాటిలో నీ చేత్తో దిద్దిన సర్క్యూటు ఉంది, చించలేకపోయాను. అది చాలా మంచి సర్క్యూటు. అదే నాకు ఎక్కువ మంట.

మూడు షాపుల్లో పని అడిగాను. సెల్‌ఫోన్లు బాగుచేస్తావా అన్నారు. వాల్వులంటే సైకిల్ టైరులో ఉండేవా అని నవ్వారు. రేపటికి గది ఖాళీ చెయ్యాలి. బల్లని కింది సైకిల్ షాపు అబ్బాయికి ఇచ్చేశాను, ట్యూబులు అతికించుకుంటాడు.

వస్తాను. ఇంకో దారి ఉంటే రాను, ఆ సంగతి మీకూ తెలుసు, అందుకే అడిగారు.

సోమవారం ఎన్నింటికి రావాలో చెప్పండి. ఇంకొకటి. అక్కడ అందరి ముందూ మిమ్మల్ని ఏమని పిలవాలి? వదినా అనాలా, మేడమ్ అనాలా?


స్టూడియో, మందుల షాపు మీద,
శుక్రవారం

సోమవారం నుంచి పనికి వచ్చే అమ్మాయికి,

తొమ్మిదింటికి రావాలి. తలుపు తాళం నా దగ్గరే ఉంటుంది. నేను వచ్చేదాకా మెట్ల మీద ఉండు.

పెట్టె గురించి ఒక మాట. అవుట్‌పుట్ స్విచ్చి ఆపగానే దాని ముల్లు సున్నాకి పడిపోతుంది. నమ్మకు. అది తన లోపలి సంగతే చెప్తుంది. ఆ స్విచ్చి పెట్టెని మిషన్ నుంచి తెంపేస్తుంది, మిషన్ కండెన్సర్లలో నాలుగొందల వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. పోయిన వారం నాకు తగిలింది, చెయ్యి భుజం దాకా ఇంకా తిమ్మిరిగానే ఉంది. నీ మీటరు మిషన్‌కే పెట్టి, రెసిస్టరుతో ఖాళీ చేసి, మళ్లీ కొలిచి, అప్పుడు ముట్టుకో. ఎడమచెయ్యి ఎప్పుడూ వెనకే. నీకేమైనా అయితే మీ అన్నయ్యకి జవాబు చెప్పుకోవాలి, నేను ఇంకో మనిషిని వెతుక్కోవాలి.

నీకు తెలిసిన పనైనా సరే నేను చెప్పందే మొదలుపెట్టకు.

ఇక్కడ మేడమ్ అను. ఇంట్లో అయితే వదినా అనొచ్చు. ఇంటికి మాత్రం ఇప్పట్లో రాకు.